కొవ్వులో నివురుగప్పిన నిప్పు

బరువు అదుపులో ఉన్నవారికీ మధుమేహం ఎందుకొస్తోంది? ఒంట్లో కొవ్వు ఎంత ఉందన్నదే కాదు, ఎక్కడ ఉంది, ఏ స్థితిలో ఉందన్నదీ ముఖ్యమేనంటున్నాయి పరిశోధనలు.

2004లో ప్రఖ్యాత వైద్య పత్రిక ‘లాన్సెట్’ ఇద్దరు పరిశోధకుల ఫొటోను ప్రచురించింది. ఒకరు పుణెలోని కేఈఎం ఆసుపత్రికి చెందిన డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్. మరొకరు లండన్ యూనివర్సిటీ కాలేజీకి చెందిన జాన్ యుడ్కిన్. ఎత్తుకు తగిన బరువు ఉందో లేదో చెప్పే బీఎంఐ ఇద్దరిదీ ఒక్కటే. అది 22.3. ఆ లెక్క ప్రకారం ఇద్దరి బరువూ మామూలుగానే ఉంది. కానీ స్కానింగ్‌తో ఒంట్లోని కొవ్వును కొలిచి చూస్తే యుడ్కిన్ శరీరంలో 9.1 శాతం, యాజ్ఞిక్ శరీరంలో 21.2 శాతం కొవ్వు ఉన్నట్టు తేలింది. ఒకరు మారథాన్ పరుగులు తీస్తారని, రెండోవారి పరుగు మాత్రం ఆసుపత్రి లిఫ్టు తలుపులు మూసుకునేలోపు అందుకోవడం వరకేనని వారు తమ మీద తామే చమత్కరించుకున్నారు.

ఆ చమత్కారం వెనక పెద్ద ప్రశ్న ఉంది. తూకం యంత్రం ముందు ఒకేలా కనిపించే ఇద్దరి ఆరోగ్యం లోలోపల ఒకేలా లేకపోవచ్చు. భారతీయుల విషయంలో ఈ తేడా కోట్లమందికి సంబంధించినది. భారత వైద్య పరిశోధన మండలి ఆధ్వర్యంలో జరిగిన ‘ఇండియాబ్’ అధ్యయనం ఫలితాలు 2023లో వెలువడ్డాయి. ఆ అంచనా ప్రకారం మన దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉంది. మరో 13.6 కోట్ల మంది దాని అంచున ఉన్నారు. బీఎంఐ ప్రకారం ఊబకాయులు 25.4 కోట్ల మంది కాగా, పొట్ట దగ్గర కొవ్వు పేరుకున్నవారు 35.1 కోట్ల మంది. అంటే బీఎంఐ ఒక్కటే చూస్తే ఊబకాయుల లెక్కలోకి రాకుండా తప్పిపోయేవారు కనీసం తొమ్మిదిన్నర కోట్ల మంది ఉన్నారన్నమాట.

ఆ కొవ్వు లోపల ఏం జరుగుతోంది? గత ముప్పై ఏళ్ల పరిశోధనలు ఇచ్చిన జవాబును ఒక్క ముక్కలో చెప్పాలంటే, అక్కడ నివురుగప్పిన నిప్పు ఉంది.

సంచి కాదు, అవయవం

చాలాకాలం పాటు వైద్యశాస్త్రం కొవ్వును ఒక సంచిగానే చూసింది. తిన్నది మిగిలితే దాచుకోవడం, పస్తున్నప్పుడు తీసి వాడుకోవడం, అంతకు మించి దానికి పనేమీ లేదనుకున్నారు. 1994లో అమెరికాలోని రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయంలో జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందం ‘లెప్టిన్’ హార్మోన్ జన్యువును గుర్తించడంతో ఆ అభిప్రాయం మారిపోయింది. ఒంట్లో నిల్వలు ఎంత ఉన్నాయో మెదడుకు కబురు పంపే ఈ హార్మోన్‌ను తయారుచేసేది కొవ్వు కణాలే. ఆ తర్వాత ‘అడిపోనెక్టిన్’ అనే మరో హార్మోన్ వెలుగులోకి వచ్చింది. ఇది ఇన్సులిన్ పనికి తోడ్పడుతుంది. విచిత్రమేమిటంటే కొవ్వు పెరిగేకొద్దీ రక్తంలో దీని మోతాదు తగ్గుతుంది.

లెప్టిన్ కంటే ఏడాది ముందే మరో ముఖ్యమైన సంగతి బయటపడింది. ‘టీఎన్ఎఫ్ ఆల్ఫా’ అనేది రోగక్రిములు దాడి చేసినప్పుడు రోగనిరోధక వ్యవస్థ విడుదల చేసే సంకేత ప్రొటీన్. 1993లో అమెరికాలోని బోస్టన్‌లో గోఖాన్ హోతామిస్లిగిల్, బ్రూస్ స్పీగెల్‌మన్‌ల బృందం ఊబకాయం ఉన్న ఎలుకల కొవ్వులో ఈ ప్రొటీన్ పెద్ద మొత్తంలో తయారవుతోందని గుర్తించింది. దాన్ని అడ్డుకుంటే ఆ ఎలుకల్లో ఇన్సులిన్ పనితీరు మెరుగుపడింది. అక్కడ క్రిమి లేదు, గాయమూ లేదు. అయినా యుద్ధానికి పిలుపు వెళుతోంది.

వాపు అంటే ఏమిటి?

కాలికి ముల్లు గుచ్చుకుంటే ఆ చోటు ఎర్రబడుతుంది, వేడెక్కుతుంది, ఉబ్బుతుంది, సలుపుతుంది. రక్షక కణాలు అక్కడికి చేరి క్రిములను చంపి, చెత్త ఊడ్చి, గాయం మానేలా చూస్తాయి. ఇదే వాపు ప్రక్రియ. పని పూర్తికాగానే అది చల్లారుతుంది. ఇది లేకపోతే మనిషి బతకడమే కష్టం.

కొవ్వులో మొదలయ్యే వాపు ఇలాంటిది కాదు. అది పైకి కనిపించదు, నొప్పి పుట్టదు, జ్వరం రాదు. తక్కువ మోతాదులో, ఏళ్ల తరబడి, ఆరకుండా సాగుతూనే ఉంటుంది. అందుకే చాలామందికి రక్తపరీక్షలో చక్కెర పెరిగిందని తెలిసేదాకా లోపల ఇంత జరుగుతోందన్న అనుమానమే రాదు.

గోదాము నిండితే...

యాసంగి పంట చేతికొచ్చే రోజుల్లో మార్కెట్ యార్డును తలచుకోండి. గోదాముల్లో చోటున్నంతవరకు బస్తాలు సర్దుకుంటాయి. అవి నిండాక ధాన్యాన్ని ఆరుబయట కుప్పలు పోయాల్సి వస్తుంది. ఒక్క వాన పడితే చాలు, తడిసి మొలకలెత్తుతుంది. ఇక్కడ తప్పు ధాన్యానిది కాదు, చోటు చాలకపోవడానిది.

ఒంట్లో కొవ్వు సంగతీ దాదాపు ఇంతే. చర్మం కింద, ముఖ్యంగా తొడల్లో, పిరుదుల్లో ఉండే కొవ్వు కణాలు సురక్షితమైన గోదాములు. స్వీడన్‌లోని కరోలిన్‌స్కా సంస్థ పరిశోధకులు 2008లో ఒక ఆసక్తికరమైన విషయం చెప్పారు. గతంలో జరిగిన అణుపరీక్షల వల్ల వాతావరణంలో పెరిగిన కార్బన్-14 ఆనవాళ్ల ఆధారంగా వారు మనుషుల కొవ్వు కణాల వయసును లెక్కగట్టారు. ఏటా సుమారు పది శాతం కణాలు చనిపోయి, వాటి చోట కొత్తవి పుడుతున్నాయి. కానీ మొత్తం సంఖ్య మాత్రం యుక్తవయసు నాటికే దాదాపు స్థిరపడుతోంది. కాబట్టి పెద్దయ్యాక ఒంట్లో చేరే కొవ్వులో చాలాభాగానికి ఉన్న కణాలే ఉబ్బి చోటివ్వాలి.

ఉబ్బడానికీ ఒక హద్దు ఉంటుంది. కణం బాగా పెద్దదైతే దాని మూలమూలకూ ఆక్సిజన్ అందదు. చుట్టూ ఉన్న రక్తనాళాలు ఆ పెరుగుదలను అందుకోలేవు. ఉక్కిరిబిక్కిరైన కణం ఆపద సంకేతాలు పంపుతుంది, కొన్ని కణాలు చచ్చిపోతాయి. అప్పుడు రంగంలోకి దిగేవి మాక్రోఫేజులు. ఇవి రోగనిరోధక వ్యవస్థలోని పారిశుద్ధ్య సిబ్బంది లాంటివి. చనిపోయిన కణాలను మింగి శుభ్రం చేయడం వీటి పని.

2003లో కొలంబియా విశ్వవిద్యాలయ పరిశోధకులు వెల్లడించిన లెక్క అందరినీ ఆశ్చర్యపరిచింది. సన్నగా ఉన్నవారి కొవ్వు కణజాలంలోని మొత్తం కణాల్లో మాక్రోఫేజులు పది శాతంలోపే ఉంటే, ఊబకాయుల్లో అవి దాదాపు 40 శాతానికి చేరుతున్నాయని వారు అంచనా వేశారు. ఇంకో రెండేళ్లకు ఇటలీకి చెందిన సవేరియో చింతి బృందం వాటి జాడను సూక్ష్మదర్శినిలో పట్టుకుంది. మాక్రోఫేజుల్లో 90 శాతానికి పైగా చనిపోయిన కొవ్వు కణాల చుట్టూ వలయంగా గుమిగూడి ఉన్నాయి. ఆ దృశ్యం కిరీటంలా కనిపించడంతో శాస్త్రవేత్తలు వాటికి ‘కిరీట నిర్మాణాలు’ అనే అర్థం వచ్చే పేరు పెట్టారు.

చెత్త ఊడ్చడానికి వచ్చినవారు పని ముగించి వెళ్లిపోతే ఇబ్బంది లేదు. కానీ కణాలు చనిపోతూనే ఉంటే మాక్రోఫేజులు వస్తూనే ఉంటాయి. పైగా వాటి స్వభావమే మారుతుంది. మామూలు రోజుల్లో కణజాలానికి మరమ్మతు చేస్తూ శాంతంగా ఉండేవి, ఇప్పుడు టీఎన్ఎఫ్ ఆల్ఫా వంటి రసాయనాలను వెదజల్లుతాయి. ఆ పిలుపు విని మరికొన్ని రక్షక కణాలు వస్తాయి. ఇలా నిప్పు రాజుకుంటుంది.

నిప్పు ఇల్లంతా పాకితే

ఇన్సులిన్ పని, రక్తంలోని చక్కెరను కండరాల్లోకి, కొవ్వు కణాల్లోకి పంపించడం. అది కణం తలుపు తడితే లోపల ఒకదాని తర్వాత ఒకటిగా సంకేతాలు నడిచి చక్కెర లోపలికి వెళుతుంది. వాపు రసాయనాలు ఈ వరుసలో మొదటి మెట్టు దగ్గరే అడ్డుపడతాయి. ఇన్సులిన్ తలుపు తడుతూనే ఉంటుంది, లోపలికి వినపడదు. దీన్నే ఇన్సులిన్ నిరోధకత అంటారు. క్లోమగ్రంథి మరింత ఇన్సులిన్ పోసి కొన్నేళ్లు నెట్టుకొస్తుంది. అది అలసిపోయిన రోజు మధుమేహం బయటపడుతుంది.

అదే సమయంలో గోదాముల్లో పట్టని కొవ్వు చేరకూడని చోట్ల చేరుతుంది. పేగుల చుట్టూ, కాలేయంలో, కండరాల్లో, క్లోమంలో తిష్ఠ వేస్తుంది. పొట్ట లోపలి కొవ్వుతో మరో చిక్కు ఉంది. అక్కడి నుంచి బయల్దేరే రక్తంలో చాలాభాగం నేరుగా కాలేయానికి వెళుతుంది. కొవ్వు ఆమ్లాలు, వాపు రసాయనాలు ముందుగా తగిలేది కాలేయానికే. మద్యం ముట్టనివారిలోనూ కాలేయానికి కొవ్వు పట్టడానికి ఇదొక కారణం. ఈ సంకేతాలు అందుకున్న కాలేయం ‘సీఆర్‌పీ’ అనే ప్రొటీన్‌ను ఎక్కువగా తయారుచేస్తుంది. రక్తపరీక్షలో వాపును అంచనా వేయడానికి వైద్యులు చూసేది దీన్నే.

రక్తనాళాల గోడల్లో కొవ్వు పేరుకుని గుండెపోటుకు దారితీసే ప్రక్రియలోనూ మాక్రోఫేజులది పెద్ద పాత్ర. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2016లో 13 రకాల క్యాన్సర్లకు అధిక కొవ్వుతో సంబంధం ఉందని నిర్ధరించింది. హార్మోన్ల మార్పులతో పాటు ఆరని వాపు కూడా ఇందుకు దోహదం చేస్తోందని శాస్త్రవేత్తలు భావిస్తున్నారు.

కొవ్వే లేకపోతే?

అయితే కొవ్వు శత్రువా? కాదని చెప్పడానికి ‘లిపోడిస్ట్రఫీ’ అనే అరుదైన వ్యాధి చాలు. ఈ వ్యాధి ఉన్నవారికి చర్మం కింద కొవ్వు దాదాపుగా ఉండదు. చూడటానికి కండలు తేలి సన్నగా ఉంటారు. కానీ వారికి చిన్న వయసులోనే తీవ్రమైన ఇన్సులిన్ నిరోధకత, మధుమేహం, కాలేయానికి కొవ్వు పట్టడం వంటి సమస్యలు వస్తాయి. గోదామే లేనివాడి ధాన్యం మొత్తం ఆరుబయటే కదా!

2007లో ప్రచురితమైన మరో ప్రయోగం దీనికి సరిగ్గా రెండో వైపు చూపింది. అమెరికా పరిశోధకులు బాగా లావెక్కే జాతి చిట్టెలుకల్లో అడిపోనెక్టిన్ మోతాదు పెరిగేలా జన్యుమార్పు చేశారు. అవి ఇంకా లావయ్యాయి. కానీ కొవ్వు చర్మం కింద చిన్న చిన్న కణాల్లో సర్దుకుంది, వాపు తగ్గింది, రక్తంలో చక్కెర అదుపులోకి వచ్చింది. లావు పెరిగినా జబ్బు తగ్గిందన్నమాట. కొవ్వు ఎంత ఉందన్నదానితో పాటు అది ఆరోగ్యంగా ఉందా లేదా అన్నదీ చూడాలని ఈ రెండు ఉదాహరణలూ చెబుతున్నాయి.

మన ప్రయోగశాలల్లో

ఈ చిక్కుముడి విప్పడంలో భారతీయ శాస్త్రవేత్తల కృషి తక్కువేమీ కాదు. కొవ్వు ఆమ్లాలు రోగనిరోధక వ్యవస్థను ఎలా రెచ్చగొడతాయన్నది చాలాకాలం స్పష్టంగా తెలియలేదు. శాంతినికేతన్‌లోని విశ్వభారతికి చెందిన సమీర్ భట్టాచార్య బృందం 2012లో ‘నేచర్ మెడిసిన్’ పత్రికలో ఒక జవాబు ఇచ్చింది. కాలేయం తయారుచేసే ‘ఫెట్యుయిన్-ఏ’ అనే ప్రొటీన్ ఇందులో మధ్యవర్తి. మామూలుగా బ్యాక్టీరియాను పసిగట్టే ఒక గ్రాహకానికి అది కొవ్వు ఆమ్లాలను జతచేసి, లేని శత్రువు ఉన్నట్టు భ్రమ కలిగిస్తోందని వారు చూపారు.

కోల్‌కతాలోని సీఎస్ఐఆర్ - భారతీయ రసాయన జీవశాస్త్ర సంస్థలో దీప్యమాన్ గంగూలీ బృందం 2016లో మరో మెట్టు ముందుకు వెళ్లింది. బరువు తగ్గించే శస్త్రచికిత్స చేయించుకున్నవారి కొవ్వు నమూనాలను వారు పరిశీలించారు. సాధారణంగా వైరస్‌లు సోకినప్పుడు ఇంటర్‌ఫెరాన్ అనే ప్రొటీన్‌ను విడుదల చేసే ఒక రకం రక్షక కణాలు పొట్ట లోపలి కొవ్వులోకి చేరి, అక్కడి మాక్రోఫేజులను మరింత రెచ్చగొడుతున్నాయని తేల్చారు.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థది మరో రకం తోడ్పాటు. అక్కడి ఎలుకల్లో సహజంగా వచ్చిన జన్యుమార్పుతో ఊబకాయ జాతులు పుట్టుకొచ్చాయి. 1996లో ఆ సంస్థ శాస్త్రవేత్తలు వాటి గురించి వెల్లడించారు. ఊబకాయం, దాని వెంట వచ్చే జబ్బులపై ప్రయోగాలకు ఇవి ఉపయోగపడుతున్నాయి.

సన్నని ఒళ్లు, దాగిన కొవ్వు

మనవారి గోదాములే చిన్నవా? అవుననిపించే ఆధారాలున్నాయి. అమెరికాలోని డాలస్‌లో దక్షిణాసియా మూలాలున్న పురుషులను, శ్వేతజాతి పురుషులను పోల్చిన అధ్యయనం 2007లో వెలువడింది. ఒంట్లో కొవ్వు ఒకే స్థాయిలో ఉన్నవారిని పోల్చి చూసినా దక్షిణాసియావారి చర్మం కింది కొవ్వు కణాలు బాగా పెద్దవిగా ఉన్నాయి, అడిపోనెక్టిన్ తక్కువగా ఉంది, ఇన్సులిన్ సరిగా పనిచేయడం లేదు.

ఈ ధోరణి పుట్టుకతోనే మొదలవుతోందని యాజ్ఞిక్ బృందం చూపింది. పుణె పరిసర గ్రామాల్లో పుట్టిన శిశువుల సగటు బరువు 2.7 కిలోలు, ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్ శిశువులది 3.5 కిలోలు. మన పిల్లల్లో కండరాలు, పొట్టలోని అవయవాలు చిన్నగా ఉన్నాయి. కానీ వీపు మీద చర్మం కింద కొవ్వు మాత్రం పెద్దగా తగ్గలేదు. కడుపులో ఉన్నప్పుడు పోషకాహారం అరకొరగా అందిన శిశువు కండను వదులుకుని కొవ్వును కాపాడుకుంటుందన్నది దీనికి ఒక వివరణ. ఆ బిడ్డే పెద్దయ్యాక నగరానికి చేరి కూర్చుని చేసే ఉద్యోగంలో స్థిరపడితే చిక్కు మొదలవుతుంది.

దీనికి విరుగుడు కూడా గర్భంలోనే మొదలుకావచ్చని హైదరాబాద్ సమీపంలోని 29 గ్రామాలు సూచిస్తున్నాయి. 1987-90 మధ్య కొన్ని గ్రామాల్లో అంగన్‌వాడీల ద్వారా గర్భిణులకు, చిన్నపిల్లలకు అదనపు పోషకాహారం అందింది. మిగతా గ్రామాలకు అప్పటికి ఆ పథకం రాలేదు. ఆ పిల్లలు 13-18 ఏళ్ల వయసుకు వచ్చాక పరిశోధకులు 1,165 మందిని పరీక్షించి 2008లో ఫలితాలు ప్రకటించారు. రెండు రకాల గ్రామాల పిల్లల్లో కొవ్వు శాతం ఇంచుమించు ఒకటే. కానీ పోషకాహారం అందిన గ్రామాల పిల్లల్లో ఇన్సులిన్ నిరోధకత సూచీ 20 శాతం తక్కువగా ఉంది. తల్లికి అందిన ఆహారం బిడ్డ ఒంట్లో ఏళ్ల తర్వాత కూడా పనిచేస్తోందన్నమాట.

మందుతో ఆర్పగలమా?

వాపే మూలమైతే వాపు తగ్గించే మందు వేస్తే సరిపోదా? ఈ ఆలోచన కొత్తది కాదు. ఆస్పిరిన్‌కు దగ్గరి బంధువైన సోడియం సాలిసిలేట్‌ను ఎక్కువ మోతాదులో ఇస్తే మధుమేహుల మూత్రంలో చక్కెర తగ్గుతోందని జర్మన్ వైద్యుడు ఎబ్‌స్టైన్ 1876లోనే రాశారు. దాని కోవకే చెందిన సాల్సలేట్‌తో జరిగిన 48 వారాల పరీక్ష ఫలితాలు 2013లో వచ్చాయి. మూడు నెలల సగటు చక్కెరను తెలిపే హెచ్‌బీఏ1సీ 0.37 శాతం మేర తగ్గింది. కానీ చెడు కొలెస్ట్రాల్, మూత్రంలో అల్బుమిన్ పెరిగాయి.

పది వేల మందికి పైగా గుండెపోటు బాధితులపై జరిగిన ‘కాంటోస్’ పరీక్ష మరింత కీలకం. వాపును కలిగించే ఒక ప్రొటీన్‌ను నేరుగా అడ్డుకునే మందు వాడితే గుండెపోటు, పక్షవాతం వంటి ముప్పులు తగ్గాయని 2017లో తేలింది. కానీ ప్రాణాంతక ఇన్‌ఫెక్షన్లు కొంత పెరిగాయి, కొత్తగా మధుమేహం రావడం మాత్రం తగ్గలేదు. వాపుకు మంచి పాత్ర కూడా ఉందని దీన్నిబట్టి గుర్తుంచుకోవాలి. కొవ్వు కణజాలం ఆరోగ్యంగా విస్తరించడానికి కొద్దిపాటి వాపు అవసరమని చిట్టెలుకలపై ప్రయోగాలు చూపాయి. నిప్పును పూర్తిగా ఆర్పేస్తే పొయ్యి కూడా వెలగదు. రాజేస్తున్న కట్టెలను పక్కకు లాగడమే మేలు.

ఆ పని చేసే దారుల్లో కొన్ని ఇప్పటికే చేతిలో ఉన్నాయి. చెన్నైకి చెందిన డాక్టర్ ఎ. రామచంద్రన్ బృందం మధుమేహం అంచున ఉన్న 531 మందిని మూడేళ్ల పాటు గమనించి 2006లో ఫలితాలు వెల్లడించింది. ఆహారంలో మార్పులు, రోజూ నడక పాటించినవారిలో మధుమేహం వచ్చే ముప్పు 28.5 శాతం తగ్గింది. గమనించాల్సిన విషయమేమిటంటే వారి బరువు పెద్దగా తగ్గలేదు. తూకం కదలకపోయినా లోపల మార్పు వచ్చింది.

బరువు తగ్గించే కొత్త తరం ఇంజెక్షన్ల కథ కూడా ఇదే వైపు చూపుతోంది. అధిక బరువు, గుండెజబ్బు ఉండి మధుమేహం లేని 17,604 మందికి సెమాగ్లుటైడ్‌ను పరీక్షించినప్పుడు గుండెపోటు, పక్షవాతం, గుండెజబ్బు మరణాల ముప్పు 20 శాతం తగ్గిందని 2023లో వెల్లడైంది. సీఆర్‌పీ కూడా బాగా తగ్గింది. ఈ మేలు మొత్తానికీ బరువు తగ్గడం ఒక్కటే కారణమని చెప్పలేకపోతున్నారు. అయితే ఇవి వైద్యుల పర్యవేక్షణలో మాత్రమే వాడాల్సిన మందులు.

బరువు తగ్గాక కథ ముగుస్తుందా? పూర్తిగా కాదు. స్విట్జర్లాండ్‌లోని ఈటీహెచ్ జ్యూరిక్ పరిశోధకులు 2024లో ‘నేచర్’ పత్రికలో రాసినదాని ప్రకారం, బాగా బరువు తగ్గాక కూడా కొవ్వు కణాల్లో ఊబకాయం నాటి గుర్తులు మిగిలే ఉంటున్నాయి. తగ్గిన బరువు మళ్లీ తేలిగ్గా పెరగడానికి ఇదొక కారణం కావచ్చు. పెరిగాక తగ్గించుకోవడం కంటే పెరగకుండా చూసుకోవడం సులువని దీని అర్థం. బరువు మళ్లీ పెరిగినవారిని ‘నోరు కట్టుకోలేదు’ అని నిందించడం ఎంత తప్పో కూడా ఇది చెబుతోంది.

ఒక టేపు చాలు

భారతీయులకు బీఎంఐ 23 దాటితేనే అధిక బరువుగా, 25 దాటితే ఊబకాయంగా పరిగణించాలని మన వైద్య నిపుణులు 2009లోనే సూచించారు. నడుము చుట్టుకొలత పురుషులకు 90 సెంటీమీటర్లు, మహిళలకు 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్త పడాలన్నారు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం 15-49 ఏళ్ల మహిళల్లో అధిక బరువు, ఊబకాయం ఉన్నవారు దేశం మొత్తంమీద 24 శాతం కాగా, తెలంగాణలో 30.1, ఆంధ్రప్రదేశ్‌లో 36.3 శాతం ఉన్నారు.

కొవ్వు కణాల చుట్టూ మాక్రోఫేజులు కట్టిన కిరీటాలను చూడాలంటే ప్రయోగశాల కావాలి. నడుము కొలవాలంటే దర్జీ మెడలో వేలాడే టేపు చాలు. ‘నేను సన్నగానే ఉన్నాను కదా’ అనుకునేవారు కూడా ఏడాదికోసారి ఆ కొలత తీసుకుని, నడుము పెరుగుతుంటే రక్తంలో చక్కెర పరీక్ష చేయించుకోవడం మంచిది. నివురు కింద నిప్పు ఉందేమో ముందే తెలిస్తే, అది మంటగా మారకముందే జాగ్రత్త పడవచ్చు.